సొరబుర్ర విప్పిన ఈత



కృష్ణకును తుంగభద్రకును మధ్యనున్న నడిగడ్డవారికి గాని, ఆవలి ఒడ్డున వనపర్తి, కొల్లాపురము, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి గాని, ఈత యనగానే బావియో చెరువో ఏరో తలపునకు వచ్చునే తప్ప దుస్తులు తలపునకు రావు. గోచి బిగించి గట్టుమీదినుండి దూకువానికి ఉడుపులతో ప్రసక్తి యేమని మీరు నవ్వినను నేను తప్పుపట్టను. కాని 2008 ఫిబ్రవరి మొదలు 2009 డిసెంబరు చివరివరకు, ఇంచుమించు రెండు సంవత్సరముల కాలము, ప్రపంచమందలి ఈతపందెములన్నియు ఒక్క దుస్తుల తగవులోనే మునిగియుండెననియు, ఆ తగవు తుదకు మన బావిగట్టున పసిపిల్లలు సయితము ఎరిగిన న్యాయముననే తీరెననియు ఈ పూట మీకు విన్నవింపదలచితిని.

నీటిలో ముందునకు సాగదలచినవానికి నీరే అడ్డంకి. గాలికన్న నీరు ఇంచుమించు 800 రెట్లు సాంద్రమైనది గనుక, ఈదువాని బలములో అధికభాగము ఎదుటనున్న నీటిని త్రోసికొనుటకే ఖర్చగును. ఈ నిరోధము దేహము నీటికి అడ్డుపడిన మేరనుబట్టి కొంతయు, చర్మమును ఒరసికొనిపోవు నీటివలన కొంతయు, ఈదువాడు తానే లేపిన అలవలన కొంతయు కలుగును. వీనిలో మొదటిది నడుమును కాళ్లును క్రిందికి జారినకొలది పెరుగును. క్రొత్తగా ఈత నేర్చువాడు చేతులెంత కొట్టినను ఉన్నచోటనే బుడబుడలాడుచు నీరు త్రాగుట అందువలననే. వాడు ముందునకు పోవలెనని చూచును, వాని కాళ్లేమో అడుగునకు పోవలెనని చూచును.

స్పీడో అను సంస్థ 2008 ఫిబ్రవరిలో వెలువరించిన ఎల్‌.జెడ్‌.ఆర్‌. రేసర్ అను ఉడుపు ఈ నిరోధమును అన్ని వైపులనుండియు ఒక్కమారే తగ్గింపబూనినది. అమెరికా అంతరిక్షసంస్థ నాసావారి గాలిసొరంగములో బట్టలను పరీక్షించి, సూదిదారములతో పనిలేకుండ అతుకులను ధ్వనితరంగములచేత కలిపి, అక్కడక్కడ పాలీయురెథేన్ పలకలను అమర్చి, దేహమును చెరకుగడవలె నిడుపుగను నున్నగను బిగించునట్లు దానిని తయారు చేసిరి. అది తొడుగుకొనుటకే ఇరువది ముప్పది నిమిషములు పట్టెడిది. ఇంతచేసి కొలదిపాటి పందెములకే దాని బిగువు సడలిపోయెడిది. వెలయు సామాన్యుని చేతికి అందునది కాదు. ఆ యేటి ఆగస్టులో బీజింగు ఒలింపిక్సులో బద్దలైన ప్రపంచరికార్డులలో దాదాపు అన్నియు ఈ ఉడుపు తొడిగినవారివే అయ్యెను. అంతట పోటీ సంస్థలు ఊరకుండునా? మరుసటి యేటికి అరీనా, జేకెడ్ మొదలగు సంస్థలు పలకల ముచ్చట మాని, భుజమునుండి మడమదాక మొత్తము పాలీయురెథేన్ పూతతోనే ఉడుపులు చేసి విడిచినవి. ఒకదానిపై నొకటిగా రెండు ఉడుపులు తొడిగి దిగినవారును కలరు!

ఫలితము 2009 వేసవిలో రోము నగరమున కనబడినది. ఎనిమిది దినముల ప్రపంచ ఈతపోటీలలో 43 ప్రపంచరికార్డులు తుడిచిపెట్టుకొనిపోయినవి. జర్మనీ దేశీయుడు పాల్ బీడర్మన్, 200 మీటర్ల ఫ్రీస్టయిలు పందెమును సరిగ్గా 1 నిమిషము 42 సెకండ్లలో ముగించి, బీజింగులో ఎనిమిది స్వర్ణపతకములు గెలిచిన మైకేల్ ఫెల్ప్సును సెకండుకు పైగా వెనుక విడిచినాడు. ఫెల్ప్సు తొడిగినది ముందటి యేటి ఉడుపు. బీడర్మన్ తొడిగినది ఆ యేటిది. గెలిచినది మనుష్యుడా, కొలిమినుండి వచ్చిన తొడుగా యని చూపరులు గుసగుసలాడుకొనిరి. బీడర్మన్ గొప్ప ఈతగాడు కాడని ఎవరును అనలేదు. ఎంత గొప్పవాడో లెక్కకట్టు వీలు లేకుండ పోయినదని మాత్రము అందరును అనిరి.

ఇక్కడ మన మొకసారి మోటబావికడకు రావలెను. పాదుమీదనే ముదిరిన సొరకాయను, లోపలి గింజలు గలగలలాడునంతవరకు ఎండనిచ్చి, అటువంటి బుర్రలు రెండింటిని త్రాటి చిక్కములో బిగించి, నేర్చుకొను పిల్లవాని వీపున కట్టుట మన సీమలో తాతలనాటి పద్ధతి. సొరబుర్ర దొరకనిచోట జీలుగుబెండు. నేటికాలమున మూతబిగించిన నూనెడబ్బా, లేదా గాలినింపిన లారీ ట్యూబు. నడుమునకు కట్టిన త్రాటి కొసను గట్టున నున్న మేనమామయో పెద్దన్నయో పట్టుకొని, ఏడ్చుచున్నవానిని ఏడ్చుచుండగనే నీటిలోనికి దింపును. బుర్రలు వాని నడుమును పైకెత్తి పట్టుటచేత కాళ్లు వాటంతట అవే తేలును. తేలిన కాళ్లు కొట్టుట సులభము. నాలుగు నాళ్లకు ఒక బుర్ర విప్పుదురు. వాడు ఒక ప్రక్కకు ఒరుగుచు, తిట్టుచు, ఎట్లో దరిచేరును. ఆపైన రెండవదియు విప్పుదురు. ఎదుటి గోడ తాకి మరలి వచ్చు పందెమునకు గాని, అడుగుదాక మునిగి గుప్పెడు బురద తెచ్చి చూపు పందెమునకు గాని వాని పేరు పిలుచుట అటుతరువాతి మాట. బుర్ర కట్టుకొన్నవాడు ఎంత వేగముగ పోయినను వానిని గెలిచినవాడని ఒక్క పిల్లవాడును ఒప్పుకొనడు. బుర్ర తప్పు కాదు, అది నేర్చుకొనుటకు. పందెమున మాత్రము అది ఉండరాదు, అంతియే.

రోములో ఈదినవారు బుర్ర కట్టుకొనియే ఈదిరి. పాలీయురెథేన్ నీటిని పీల్చదు, లోపల చిక్కిన గాలిని వెలికి పోనీయదు. కావున పందెపు చివరి భాగమున, బడలిక చేత నడుము క్రిందికి దిగవలసిన ఘడియలో, ఆ తొడుగు దానిని పైకెత్తి పట్టినది. దేహము బరువైనవారికిని, నడుము దిగజారు స్వభావము గలవారికిని అది ఎక్కువ మేలు చేయగా, పుట్టుకతోనే నీటిమీద తేలిపోవు తీరు గలవారికి అంతగా ఒరిగినది లేదు. అందరికిని ఒకే తీరున సాయపడినదైన పోనిమ్మని యుందురేమో. కొందరి వరుస తారుమారైనందుననే గగ్గోలు పుట్టినది.

ఆ పోటీలకై కూడిన తరుణముననే, అదే రోము నగరమున, అంతర్జాతీయ ఈత సమాఖ్య సమావేశమై ఈ ఉడుపులను వెలివేయ నిశ్చయించినది. 2010 జనవరి 1వ తేదీనుండి పురుషులు నడుమునుండి మోకాలివరకు, స్త్రీలు భుజమునుండి మోకాలివరకు మించి తొడుగరాదు. ఒక్క ఉడుపే తొడుగవలెను. అది నేసినదో అల్లినదో అయిన బట్టయై యుండవలెను. నీరు దానిగుండ పోవలెను. గద్వాల మగ్గము ముందు కూర్చుండువారికి ఈ చివరి షరతును ఎవరును వివరింపనక్కరలేదు. నూలు ఒడలికి పట్టు అంచును పోగు పోగునకు మెలివేసి కలిపి నేయు ఆ పనివారు, ఎంత దగ్గరగ పలకకొట్టి నేసినను పడుగునకు పేకకు నడుమ సందు మిగులుననియు, ఆ సందుననే గాలి దూరి ఒడలు చల్లబడుననియు ఎరుగుదురు. పూతపోసిన పలకకు ఆ సందు లేదు. అంతర్జాతీయ సమాఖ్యవారు గీచిన గీత బట్టకును పలకకును నడుమ గీచిన గీతయే.

గీత గీచిన పిమ్మట ఏమైనదో చూడుడు. 2011లో షాంఘై నగరమున జరిగిన ప్రపంచపోటీలలో ఆ పాల్ బీడర్మనే, అదే 200 మీటర్ల పందెమును, బట్ట తొడిగి 1 నిమిషము 44.88 సెకండ్లలో ఈది మూడవవాడుగా నిలిచెను. రోము నాటికన్న 2.88 సెకండ్లు ఎక్కువ. ఆ వేగమున అది అయిదు మీటర్లకు పైబడిన దూరము. అనగా రోములోని బీడర్మను ప్రక్కవరుసలో ఈదియుండిన, షాంఘైలోని బీడర్మనుకు అతని పాదములును అందియుండెడివి కావు. ఆ పోటీలలోనే అమెరికావాడు ర్యాన్ లాక్టీ 200 మీటర్ల వ్యక్తిగత మెడ్లీని 1 నిమిషము 54 సెకండ్లలో ముగించి, తన పాతరికార్డును సెకండులో పదియవవంతు తగ్గించినాడు; 50 మీటర్ల కొలనులో బట్టతో ఈది తొడుగునాటి రికార్డును దాటినవారిలో అతడే మొదటివాడు. 100 మీటర్ల ఫ్రీస్టయిలులో బ్రెజిలువాడు సెసార్ సియెలో రోములో నెలకొల్పిన 46.91 సెకండ్ల రికార్డు పదమూడేండ్లు కదలక మెదలక కూర్చుండి, 2022 ఆగస్టులో, అదే రోములో, అదే కొలనులో, డేవిడ్ పొపొవిచి అను పదునేడేండ్ల రుమేనియా బాలుని చేత 46.86కు దిగినది. 2024లో పారిస్ ఒలింపిక్సున చైనావాడు పాన్ ఝాన్‌లె దానిని 46.40కు దింపెను. బీడర్మన్ పేరిటి 1 నిమిషము 42 సెకండ్లు మాత్రము పారిస్ నాటికిని అట్లే యున్నది. నిషేధింపబడిన ఉడుపుతో సాధించిన రికార్డులను కొట్టివేయకుండ పట్టికలోనే యుంచిరి. అది నాకు సరియైన పనియనియే తోచినది. ఆనాటి నిబంధనకు లోబడి ఈదినవాని కష్టమును తరువాతి నిబంధనచేత తుడిచివేయుట న్యాయము కాదు.

దేహమునకు ఏదో పూసికొనియో తొడిగికొనియో నీటిని మోసగింపవలెనను కోరిక క్రొత్తది కాదు. 1896లో ఏథెన్సున జరిగిన మొదటి ఒలింపిక్సులో కొలను లేదు. జియా అఖాతమున, ఎముకలు కొరుకు చలినీటిలో, అలలమీద ఈదిరి. గెలిచిన హంగెరీ యువకుడు ఆల్‌ఫ్రెడ్ హాయోష్ ఒడలినిండ దట్టముగ కొవ్వు పూసికొని దిగినాడు. అది వేగమునకు కాదు, చలికి. ఇంగ్లీషు ఛానెలును ఈదువారికి ఆ కొవ్వు నేటికిని అనుమతింపబడినదే కాని, ఒంటిని వెచ్చగ నుంచునట్టియు, తేల్చునట్టియు ఉడుపులు ఆ ఈత సంఘములవారి సాంప్రదాయమున ఏనాడును చెల్లలేదు. 1958లో భారతీయుడు మిహిర్ సేన్, 1959లో భారతీయురాలు ఆరతీ సాహా ఆ జలసంధిని దాటినది ఆ నియమముక్రిందనే. కొలనులోని పెద్దలు 2009లో తెలిసికొన్న సంగతిని సముద్రములోని పెద్దలు ఏనాడో ఎరిగియుండిరి.

మన తెలుగునేలకు సంబంధించినంతవరకు ఈ సందర్భమున తలచుకొనవలసిన పేరు షంషేర్ ఖాన్. నాటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమందలి కైతేపల్లె ఆయన స్వగ్రామము. పల్లెటూరి నీళ్లలో ఈత నేర్చి, సైన్యమున మద్రాసు ఇంజనీరు దళములో చేరి, 1954లో 200 మీటర్ల బటర్‌ఫ్లయి పందెమున జాతీయరికార్డు నెలకొల్పి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున భారతదేశము పక్షమున బటర్‌ఫ్లయి, బ్రెస్టుస్ట్రోకు రెండింటను దిగినాడు. బటర్‌ఫ్లయి, అనగా రెండు చేతులను ఒక్కపెట్టున నీటిపైకి ఎత్తి ముందునకు విసరి, నడుమును అలవలె త్రిప్పుచు సాగు ఈత, ఒలింపిక్సున ప్రత్యేక పందెముగ పెట్టబడుట అదే మొదటిసారి. కప్ప ఈతనుండి చీలి అప్పుడప్పుడే తనకాళ్లమీద తాను నిలబడుచున్న విద్య అది. దానిని గురువులు పలుచగనున్న దేశమునుండి వచ్చిన సిపాయి ఒకడు మొదటి ఒలింపిక్సులోనే ఈదుట చిన్న సంగతి కాదు. నాటి పురుషుల ఉడుపు నడుమునకు చుట్టిన చిన్న లాగు; కన్నులకు అద్దములు లేవు, ఒలింపిక్సులో వానిని అనుమతించినది 1976లో గాని కాదు. తరువాత ఆయన యుద్ధములలో పాల్గొని, 1973లో కొలువునుండి విరమించి, స్వగ్రామమున జీవించి, 2017 అక్టోబరులో కన్నుమూసెను. ఆయన పేరిట మన పాఠ్యపుస్తకములలో ఒక పుట ఉండదగును.

ఆ మెల్బోర్న్ బటర్‌ఫ్లయి పందెమును గెలిచిన అమెరికావాడు విలియం యోర్జిక్ తీసికొన్న కాలము 2 నిమిషముల 19.3 సెకండ్లు. 2008లో బీజింగున, కన్నద్దములలోనికి నీరు చేరి దారి కనబడక, చేతుల ఊపులు లెక్కపెట్టుకొనుచు ఈదిన ఫెల్ప్సు కాలము 1 నిమిషము 52.03 సెకండ్లు. నడుమ 27 సెకండ్లు పోయినవి. ఉడుపు వీనిలో రెండు మూడింటికి మించి ఉత్తరవాది కాజాలదు. మిగిలినదంతయు సాధన, మలుపు త్రిప్పు నేర్పు, గోడను తన్ని నీటి అడుగున డాల్ఫిను చేపవలె సాగుట, వరుసల నడుమ అలలను అణచు త్రాళ్లు, లోతైన కొలనులు, కడుపునిండ తిండి. దీనికి తిరుగులేని సాక్ష్యము కావలెనన్న, ఇదే పందెమున తొడుగునాటి రికార్డును హంగెరీవాడు క్రిస్టోఫ్ మిలాక్ 2019లోనే బట్టతో దాటి, 2022లో 1 నిమిషము 50.34 సెకండ్లకు చేర్చినాడు.

అట్లయిన కన్నద్దములు, అలలను అణచు త్రాళ్లు, మూడు మీటర్ల లోతు కొలనులు మాత్రము యంత్రవిద్య కావా, వానిని వెలివేయక ఉడుపునే ఏల వెలివేయవలెను అని అడుగువారు కలరు. ప్రశ్న మంచిదే. నాకు తోచిన సమాధానమిది: కొలనును త్రాళ్లను ఆ పందెమున దిగిన ఎనిమిదిమందియు సమముగ పంచుకొందురు, ఉడుపును మాత్రము ఎవరి డబ్బు, ఎవరి ఒప్పందము కొలది వారు తెచ్చుకొందురు. అయినను ఈ న్యాయము ఒక పందెములోని ఎనిమిదిమందికే చెల్లును, ఒక దేశములోని పిల్లలందరికి చెల్లదు. ఒకడు చిన్ననాటినుండి 50 మీటర్ల కొలనులో గడియారము ఎదుట ఈదును; మరియొకడు పన్నెండడుగుల బావిలో గోడకును గోడకును నడుమ తిరుగును. ఉడుపును నిషేధించినంత సులభముగ ఈ వ్యత్యాసమును నిషేధింప ఏ సమాఖ్యకును శక్యము కాదు.

అందుచేత మన సీమలో చేయదగిన పని నాకొకటి తోచుచున్నది. పెబ్బేరుకు చేరువ శ్రీరంగాపురమున రంగనాయకస్వామి ఆలయమును ఒరసికొని రంగసముద్రము కలదు. వనపర్తి ప్రభువులనాటి పెద్దచెరువులలో అది యొకటి. సోమశిలకడ శ్రీశైలము జలాశయపు వెనుకనీరు నిలకడగ నుండును. ఇటువంటిచోట రెండు మోకులను సరిగ్గ 50 మీటర్ల ఎడముగ నీటిమీద కట్టి, నడుమ నాలుగు పుట్టులలో గజఈతగాండ్రను నిలిపి, ఏటికొకసారి పందెము పెట్టి, కాలమును సెకండ్లలో పుస్తకమున వ్రాసియుంచవలెను. గోడను తన్ని మరలు వీలుండదు గనుక కొలనులోని కాలముతో దీనికి పొత్తు కుదరదు. నిరుటి కాలముతో ఈ యేటి కాలమునకు కుదిరిన చాలును. మగపిల్లలకు లాగు. గోచికి నా అభ్యంతరము లేదు గాని, పందెము నడుమ ఊడిన బాధ్యత నాది కాదు.

ఆడపిల్లల మాట వేరుగ చెప్పవలసియున్నది. మన బావులకడ వారిని మెట్లమీదనే నిలిపితిమి. 2007లో మంచాలకట్ట రేవున పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన సీమ యిది. ఏటి ఒడ్డున పుట్టినవారికి ఈత వేడుక కాదు, ప్రాణరక్ష. నీటిలో దిగిన ఒకరిద్దరు ఆడపిల్లలును లంగాతోనో చుడీదారుతోనో దిగుదురు. తడిసిన నూలు బట్ట ఎంత బరువెక్కునో, కాళ్లకు ఎట్లు చుట్టుకొనునో ఉతుకు చేతులకు తెలియును. భుజమునుండి మోకాలివరకు అను 2010నాటి కొలతను చూచినప్పుడు, ఇది మన తల్లులను దృష్టిలో నుంచుకొని వ్రాసినట్లున్నదే యని నాకు అనిపించినది. ఆ కొలతకు పలుచని నైలాను బట్టతో మన ఊరి దర్జీ కుట్టగలడు, పంతులమ్మ అభ్యంతరపెట్టదు, నీరును అడ్డుపడదు.

పందెమునకు మాఘ ఫాల్గుణములు అనుకూలము. వరద తీసి నీరు తేరియుండును, ఎండ ఇంకను ముదరదు. శ్రావణ భాద్రపదములలో జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తుదురు గనుక, గద్వాలవైపు కృష్ణలో పందెపు మాట అప్పుడు తలపెట్టనే రాదు. ప్రవాహము ఘడియలో పెరుగును. మొసళ్లును ఆ మడుగులలో కలవు. రేవు ఎన్నుకొనుటకు ముందు ప్రాజెక్టు ఇంజనీర్లను ఒకమారు, ఆ ఒడ్డున వలవేయు బెస్తవారిని రెండుమార్లు అడుగవలెను. గడియారము పట్టువాడు మాత్రము ఈదువారిలో ఎవరికిని చుట్టము కాకుండ చూచుకొనుడు.